చెరుపదగిన గీతలు

శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారి ముంగిట ఒక గడియ నిలిచి చూచినవారికి ఒక సంగతి తెలియును. కరక్కాయ రసములోను పాలలోను ముంచి ఆరవేసిన గుడ్డపై మొదట పడునది రంగు కాదు, సిరా కాదు. చింతపుల్లను కాల్చిన బొగ్గు. ఆ బొగ్గుతో రాముడు ఎచ్చట నిలుచును, రథము ఎచ్చట ఆగును, అంచునకు ఎంత చోటు విడువవలెను అని తేలికగా గీసికొందురు. నచ్చనిచో దులిపివేసి మరల గీయుదురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో ఊరవేసి చేసిన కసిమి నలుపు ఆ తరువాత వచ్చును. అది ఒకసారి గుడ్డను పట్టినదా, ఇక వదలదు. ఆలోచన అంతయు బొగ్గు పట్టిన చేతిలోనే జరిగిపోవలెను.

మా పాఠకుల ఇండ్లలో ఇప్పుడు రేడియో ప్రక్కనే సెల్‌ఫోను కూడ ఉన్నది. రైలు టిక్కెట్టు కొనుటకు, కరెంటు బిల్లు కట్టుటకు, పిల్లల పరీక్షా ఫలితములు చూచుటకు మనము ఆ చిన్న తెరపై వ్రేలు పెట్టుచున్నాము. ఆ తెరపై కనబడు ప్రతి పుటకును ఇట్టి బొగ్గు గీత ఒకటి ముందుగా ఉండెను. వెబ్‌సైట్లను, యాప్‌లను రూపొందించువారు దానిని వైర్‌ఫ్రేమ్ అందురు. తీగచట్రము అని మనము చెప్పుకొనవచ్చును. అందు రంగులు లేవు, అందమైన అక్షరములు లేవు. కొన్ని పెట్టెలు, కొన్ని గీతలు. మూలనుండి మూలకు రెండు అడ్డగీతలు కొట్టిన చతురస్రమున్నచో అచ్చట బొమ్మ రానున్నదని అర్థము. వంకరగీతలు వరుసగా ఉన్నచో అచ్చట మాటలు వచ్చును. ఒక చిన్న పెట్టెలో ‘పంపుము’ అని వ్రాసియున్నచో అది నొక్కవలసిన మీట. ఇంతే. చూచుటకు బీదది. కాని దాని చరిత్ర ఆ గీతలంత చిన్నది కాదు.

తీగచట్రము అను పేరు ఎట్లు వచ్చినదో మొదట చూతము. వినాయకచవితి ముందు హైదరాబాదులోని ధూల్‌పేటకు పోయినవారు కఱ్ఱలతోను గడ్డితోను కట్టిన ఆకారములను చూచియుందురు. మన్ను ఇంకను పడలేదు. కాని తొండము ఎటు తిరుగునో, చేతులు ఎన్నియో తెలిసిపోవుచున్నది. కంప్యూటర్లు తొలినాళ్లలో గీయగలిగినది ఇట్టి ఆకారమునే. 1963లో అమెరికాలోని మాసచ్యూసెట్స్ సాంకేతిక సంస్థలో ఐవాన్ సదర్లాండ్ అను యువకుడు తన పరిశోధనా వ్యాసమునకై ‘స్కెచ్‌ప్యాడ్’ అను కార్యక్రమమును రచించెను. వెలుగును గుర్తించు ఒక కలమును తెరపై ఆనించి గీత గీసినచో యంత్రము ఆ గీతను జ్ఞాపకముంచుకొనెడిది, జరిపినచో జరిపెడిది, చెరిపినచో చెరిపెడిది. మనుష్యుడును యంత్రమును గీతలతో మాటలాడుకొనుటకు అది ఒక గొప్ప ఆరంభము. అయితే ఆ నాటి యంత్రములకు ఉపరితలమును నింపి చూపు శక్తి లేదు. పెట్టెను గీసినచో పన్నెండు అంచులును కనబడును, ముందువైపు నుండి వెనుకవైపు కూడ కనబడును. తీగతో వంచి చేసిన బొమ్మవలె ఉండుటచే ఆ పేరు నిలిచినది.

ఇట్టి బొమ్మలు గీయుట కంప్యూటర్లతోనే పుట్టినదని ఎవరైన అనినచో మేము వారిని ఇటలీదేశపు ఫ్లోరెన్సు నగరమునకు పంపుదుము. అచ్చటి ఉఫీజీ చిత్రశాలలో పావొలో ఉచ్చెల్లో గీసినదని చెప్పబడు పానపాత్ర చిత్రము ఒకటి కలదు. పదునైదవ శతాబ్దమునాటిది. పాత్ర అంతయు సన్నని గీతల వలగా అల్లబడి, వెనుకవైపు వంపులు కూడ ముందునుండి కానవచ్చును. ఈనాటి వారికి చూపినచో కంప్యూటరు బొమ్మ అని పొరబడుదురు.

ఆ యేండ్లలోనే బోయింగు విమాన సంస్థలో విలియం ఫెటర్ అను చిత్రకారుడు గీతలతో ఒక మనిషిని గీయించుచుండెను. ఆ గీతల మనిషికి ముఖకవళికలు లేవు, బట్టలు లేవు. విమానపు చోదకుని గదిలో వానిని కూర్చుండబెట్టి, చేయి చాపినచో మీట అందునా, కాలు అచ్చట పట్టునా అని చూచుట వారి పని. విమానమును కట్టిన పిదప మీట అందలేదని తెలిసిన ఎంత నష్టము! కాగితముపై, తెరపై తెలిసినచో గీతను జరుపుటతో పోవును. తరువాత అరువది ఏండ్లలో వెబ్‌సైట్ల రూపకర్తలు పెట్టెలు గీసికొని వేసికొనుచున్న ప్రశ్న దీనికి భిన్నము కాదు. వ్రేలికి మీట అందునా? కంటికి అది దొరకునా? అన్నిటికంటె ముందు, ఆ మీట ఏమి చేయునో చూచినవానికి తెలియునా?

ఈ మూడవ ప్రశ్నకు సంబంధించిన కథ ఒకటి ఆ వృత్తిలోనివారు నేటికిని నవ్వుచు చెప్పుకొందురు. ఆపిల్ సంస్థ 1983 జనవరిలో ‘లీసా’ అను కంప్యూటరును విడుదల చేసినది. దానిని తయారుచేయుచున్న యేండ్లలో బిల్ అట్కిన్సన్ అను ఉద్యోగి తెరపై తాను వేసిన ప్రతి అమరికను పోలరాయిడ్ కెమెరాతో ఫొటో తీసి దాచెడివాడు. ఏ మార్గములో ఎంత దూరము పోయి వెనుకకు వచ్చిరో ఆ బొమ్మలు చెప్పును. అదే సంస్థలో లారీ టెస్లర్ మనుష్యులను పిలిపించి, తయారుకాని తెరల ముందు కూర్చుండబెట్టి, వారు ఏమి చేయుదురో, ఎచ్చట తడబడుదురో గమనించుచుండెను. పని నిశ్చయించుటకు నొక్కవలసిన మీటపై ‘డూ ఇట్’ అని ఆంగ్లమున వ్రాసియుండిరి. ‘ఆ పని చేయుము’ అని దాని అర్థము. ఆ అక్షరపు తీరులో రెండు మాటల నడుమ ఎడము చాలక, పెద్ద ‘ఐ’ అక్షరము చిన్న ‘ఎల్’ వలె కనబడెను. పరీక్షకు వచ్చినవారిలో కొందరు ఆ మీటను నొక్కక వెనుకాడుచుండిరి. ఒకతను విసిగి, ఈ యంత్రము నన్నేల మందమతి అనుచున్నదని అడిగెనట! ‘డోల్ట్’ అనిన ఆంగ్లమున మందమతి. ఇంతమంది ఇంజనీర్లు నెలలతరబడి చూచినను ఎవరికిని కనబడని తప్పు అది. పిదప ఆ మీటపై ‘ఓకే’ అను రెండక్షరములు వచ్చినవి. నేడు లోకమంతట తెరలపై ఆ రెండక్షరములే ఉన్నవి.

మా వృత్తికి మరింత దగ్గరదైన ఉదాహరణము ఒకటి చెప్పవలెను. అది కంటికి కాక చెవికి సంబంధించినది. 1984లో లాస్ ఏంజిలిస్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు, క్రీడాకారులకు వారి ఇండ్లనుండి సందేశములు అందుటకై ఐ.బి.ఎం. సంస్థ టెలిఫోనుపై ఒక ఏర్పాటు చేసినది. ఎచ్చటనో దూరదేశమున ఉన్న తల్లి ఫోనుచేసి కొడుకునకు నాలుగు మాటలు చెప్పును. అతడు క్రీడాగ్రామములోని ఫోనులో మీటలు నొక్కి ఆమె గొంతు వినును. పన్నెండు భాషలలో నడచిన ఈ ఏర్పాటు ఆ క్రీడల కాలములో నలువది వేలకు పైగా సార్లు ఉపయోగపడినది. దానిని రూపొందించిన జాన్ గూల్డ్ బృందమువారు కంప్యూటరును ముట్టుకొనకముందే, ఫోను ఏమి చెప్పును, మనిషి ఏ మీట నొక్కును, తరువాత ఫోను ఏమి చెప్పును అని నాటకమువలె కాగితముపై వ్రాసి పదిమందికి చదివించిరి. ఆ పైని తమ పరిశోధనాలయపు నడవలో లోపల బోలుగానున్న చెక్క స్తంభమొకటి నిలిపి, క్రీడాగ్రామములో రానున్న ఫోను గూడు ఎట్లుండునో దానిపై అతికించి, దారిన పోవువారందరిని నిలువబెట్టి అభిప్రాయములు అడిగిరి. చెక్క స్తంభము గనుక ఎవరును మొగమాటపడలేదు. ఇది బాగులేదు, అది అర్థము కాలేదు అని తోచినది చెప్పిరి.

ఈ మొగమాటము అను మాట దగ్గర మేము ఒక క్షణము ఆగెదము. ఈ చరిత్ర అంతటిలోను మాకు ముఖ్యమని తోచినది అదియే. మా స్టూడియోలలో నాటకమును ప్రసారము చేయుటకు ముందు నటీనటులు బల్ల చుట్టు కూర్చుండి చదువుదురు. ధ్వనులు లేవు, సంగీతము లేదు, చేతిలో పెన్సిలు ఉండును. ఆ సమయమున ఎవరైన, ఈ మాట నోటికి పట్టుటలేదండీ, అని నిస్సంకోచముగా చెప్పుదురు. ప్రతి మారును, పెన్సిలు గుర్తు పడును. రికార్డింగు పూర్తియై, వయొలిను కూడ కలిసిన పిదప అదే తప్పు అందరికి వినబడినను ఎవరును నోరు విప్పరు. ఇంత శ్రమపడిన పిమ్మట ఏమి చెప్పుదుములే అనుకొందురు. కొత్తగా కట్టిన ఇంటికి గృహప్రవేశమునాడు పిలిచి, వంటగది ఎట్లున్నది అని అడిగినచో ఏ బంధువు నిజము చెప్పును?

జర్మనీ దేశమున మాగ్డెబుర్గ్ విశ్వవిద్యాలయమువారు దీనిని గురించి 1996లో ఒక పరీక్షను ప్రకటించిరి. భవన శిల్పులకు, ఆ విద్య నేర్చుకొనువారికి ఒకే కట్టడమును మూడు విధములుగా చూపిరి: యంత్రము గీసిన తిన్నని గీతలతో ఒకటి, నీడలు దిద్దిన నునుపైన చిత్రముగా ఒకటి, చేతితో గీసినట్లున్న చిత్తు గీతలుగా ఒకటి. తొలి ఆలోచనను ఇతరుల ముందు పెట్టుటకు చిత్తు గీతలే మేలని, అవి చూచినవారిని మాటలలోనికి దింపునని పెక్కుమంది చెప్పిరి. పూర్తియైన పనిని చూపుటకు మాత్రము నునుపైన చిత్రమే కావలెను. గీత వంకరగా ఉన్నచో చూచువాడు దానిని సరిదిద్దుటకు అధికారము తనకును కలదని భావించును.

ఇక వెబ్‌సైట్ల సంగతికి వత్తము. 1989 మార్చిలో స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్‌లీ తన పై అధికారికి ఒక ప్రతిపాదన సమర్పించెను. దాని మొదటి పుటలోనే వలయములు, మబ్బు ఆకారములు, వానిని కలుపు బాణములు ఉండెను. ప్రపంచమంతట వ్యాపించిన వల యొక్క తొలిరూపము ఆ గీతలే అనిన తప్పులేదు. 1993 ఏప్రిలు 30న సెర్న్ సంస్థ ఈ విద్యను ఎవరైనను రుసుము లేక వాడుకొనవచ్చునని ప్రకటించినది. ఆ తరువాత రెండుమూడేండ్లలో వర్తకులు, పత్రికలు, ప్రభుత్వములు తమ తమ పుటలు కావలెనని తొందరపడసాగిరి.

వానిని రూపొందించుటకు వచ్చినవారిలో పెక్కుమంది అచ్చు పనులనుండి వచ్చిన చిత్రకారులు. వారికి తెలిసిన పద్ధతి, రంగులతో సహా పూర్తి బొమ్మను తయారుచేసి యజమానికి చూపుట. యజమాని ఆ బొమ్మను చూచి ఏమి చెప్పును? నీలము ఇంకొంచెము ముదురుగా ఉండవలెననును. మా సంస్థ గుర్తు పెద్దది చేయుడనును. కొనదలచినవాడు వస్తువును ఎట్లు వెదకును, వెల ఎచ్చట తెలియును, డబ్బు కట్టునప్పుడు తప్పు జరిగినచో వెనుకకు ఎట్లు వచ్చును, ఇవి ఎవరును అడుగరు. రంగుల మీద మూడు వారములు చర్చించి, పని అంతయు ముగిసిన పిదప వెదకు పెట్టెయే లేదని గుర్తించిన కథలు ఆ వృత్తిలో కొల్లలు. కనుక రంగును, ఆకారమును విడదీసి, ముందు ఆకారమును గూర్చి మాత్రమే మాటలాడుటకు బూడిదరంగు పెట్టెల పటము ఒకటి వేరుగా వచ్చినది. కంప్యూటరు చిత్రకళలో పుట్టిన తీగచట్రము అను పేరు దానికి తగిలినది.

2000లో జెస్సీ జేమ్స్ గారెట్ అను రూపకర్త ఈ పనినంతటిని ఐదు అంతస్తులుగా విభజించి ఒక పటము గీసెను. పిదప దానినే గ్రంథముగా వ్రాసెను. అట్టడుగున ప్రయోజనము, దానిపై చేయదగు పనుల హద్దు, దానిపై నిర్మాణము, దానిపై అస్థిపంజరము, అన్నిటికి పైన చర్మము. తీగచట్రము నాలుగవ అంతస్తునకు, అనగా అస్థిపంజరమునకు చెందినది. పై మెరుగును చూచి మురియువారికి క్రింద నాలుగు అంతస్తులు ఉన్నవని గుర్తుచేసిన ఆ పటము చాలకాలము రూపకర్తల గోడలపై నిలిచినది.

అదే 2000వ సంవత్సరమున అమర్చుటలోని ఒక చిన్న దోషము ఎంత దూరము పోగలదో లోకమంతయు చూచినది. అది వెబ్‌సైటు కాదు, కాగితపు ఓటుపత్రము. అయినను పుటను అమర్చు పనియే. నవంబరు 7న అమెరికా అధ్యక్ష ఎన్నికలు జరిగినవి. ఫ్లోరిడా రాష్ట్రములోని పామ్‌బీచ్ కౌంటీలో అభ్యర్థుల పేర్లను ఒక వరుసలో పెట్టినచో అక్షరములు చిన్నవగునని, అచ్చట వృద్ధులు ఎక్కువ గనుక వారు చదువలేరని అధికారులు భావించిరి. సదుద్దేశముతోనే అక్షరములు పెద్దవి చేసి, పేర్లను ఎడమ పుటలో కొన్ని, కుడి పుటలో కొన్ని వేసి, రంధ్రము పొడువవలసిన చుక్కలను నడుమ ఒకే వరుసలో ఉంచిరి. సీతాకోకచిలుక రెక్కలవలె ఉండుటచే దానికి ఆ పేరే వచ్చినది. ఎడమవైపు మొదటి పేరు బుష్, ఆయన చుక్క మొదటిది. ఎడమవైపు రెండవ పేరు గోర్. కాని ఆయన చుక్క మూడవది. రెండవ చుక్క కుడివైపు మొదటనున్న బుకానన్‌ది. గోర్‌కు ఓటువేయదలచి రెండవ చుక్కను పొడిచినవారు ఎందరో! తప్పు తెలిసికొని మూడవదానిని కూడ పొడిచినవారు మరికొందరు. ఒకే పదవికి రెండు రంధ్రములు పడిన పత్రములు ఆ ఒక్క కౌంటీలో పందొమ్మిది వేలకు పైగా చెల్లకపోయినవి. బుకానన్‌కు అచ్చట 3,407 ఓట్లు వచ్చినవి. అన్ని తనకు వచ్చుట సంభవము కాదని ఆయనయే చెప్పెను. రాష్ట్రమంతట దాదాపు అరువది లక్షల ఓట్లు పడగా, తుదకు బుష్ గెలిచిన తేడా 537.

ఆ చిత్తుపత్రమును ముందుగా పదిమంది వృద్ధుల చేతికిచ్చి, మీరు ఫలానావారికి ఓటు వేయుడు చూతము అని అడిగియున్నచో? చరిత్రకారులు ఇట్టి ప్రశ్నలు వేయరాదందురు. మేము వేయకుండ ఉండలేకపోవుచున్నాము.

అడుగుట ఎంత సులువో చూపిన మనిషి ఒకరు అంతకు కొలది యేండ్ల ముందే కాలిఫోర్నియాలో ఉండెను. జెఫ్ హాకిన్స్ జేబులో పట్టు చిన్న కంప్యూటరును తయారుచేయదలచెను. ఆ విధమైన యంత్రములు అంతకుముందు వచ్చినవి, పెద్దవగుటచే విఫలమైనవి. ఆయన ఏ యంత్రమును కట్టక, తాననుకొన్న పరిమాణమునకు ఒక చెక్కముక్కను కోసి చొక్కా జేబులో పెట్టుకొని తిరుగసాగెను. తెర అమరికలను కాగితముపై ముద్రించి దానికి అతికించెను. ఎవరైన, ఫలానా దినమున కలిసికొందమా అని అడిగినచో చెక్కను తీసి, పుల్లతో దానిపై వ్రాసినట్లు నటించెడివాడు. పెద్దమనిషి ఒకడు చెక్కతో మాటలాడుచుండుట చూచి తోటివారు ఏమనుకొనిరో కాని, దినమునకు ఎన్నిసార్లు తీయవలసివచ్చును, ఏ పనికి ఎన్ని తాకుళ్లు పట్టును అని ఆ చెక్కయే ఆయనకు చెప్పినది. 1996లో వెలువడిన ‘పైలట్’ యంత్రము పేరు గాంచినది.

2007లో ఐఫోను, మరుసటి యేట దానికి యాప్‌ల అంగడి వచ్చిన పిదప తెర అరచేతికి కుదించుకొనిపోయినది. విశాలమైన పుటలో ఎన్ని పెట్టెలైనను చల్లవచ్చును. చిన్న తెరపై ఒకదాని క్రింద ఒకటి రావలెను. ఏది ముందు అను తగవు తప్పదు. గీయు సాధనములును మారినవి. 1992 నాటి విజియో, 2003 నాటి ఆక్షూర్, 2016లో అందరికి తెరచిన ఫిగ్మా, ఇట్లు ఒకదానిని మించి ఒకటి నునుపైనవి వచ్చినవి. నడుమ 2008లో ఇటలీదేశస్థుడు పెల్ది గుయిలిజోని ‘బాల్సామిక్’ అను సాధనమును చేసెను. అందు ఏ పెట్టెను గీసినను గీతలు బుద్ధిపూర్వకముగా కొంచెము వంకరపోవును, చేతితో వ్రాసినట్లుండును. తిన్నని గీత గీయగల యంత్రముచేత వంకరగీత గీయించుట వింతగా తోచవచ్చును. మొగమాటమును గూర్చి పైన చెప్పినది జ్ఞాపకమున్నవారికి వింత కాదు. ఇంకను చాలమంది ఇవి ఏవియు లేక కాగితము, పెన్సిలు పట్టుకొని కూర్చుండుచున్నారు. మా సానుభూతి వారిపట్లనే ఎక్కువ.

తెలుగువారికి ఈ గీతలతో వేరొక తగవు కలదు. పెట్టెలు గీయునప్పుడు మాటలు రావలసిన చోట రూపకర్తలు ‘లోరెమ్ ఇప్సుమ్’ అను అర్థములేని లాటిను వాక్యములను నింపుట ఆచారము. క్రీస్తుపూర్వము 45 ప్రాంతమున సిసిరో వ్రాసిన ధర్మశాస్త్ర గ్రంథమునుండి ముక్కలుచేసి తీసిన మాటలవి. 1960ల దశకమున లెట్రాసెట్ అక్షరపు పత్రములపై అచ్చుపడి వ్యాప్తిలోనికి వచ్చినవి. ఆ లాటినుకు సరిపడు పెట్టెలో తెలుగు పట్టదు. ఆంగ్లమున ‘సెండ్’ అని నాలుగక్షరములు పట్టిన మీటపై మనకు ‘పంపించండి’ కావలెను. పొడవు ఒక్కటియే కాదు. మన లిపి క్రిందికి కూడ పెరుగును. ‘రాష్ట్రము’, ‘స్త్రీ’, ‘లక్ష్మి’ అను మాటలలో పైన గుడి, క్రింద ఒత్తు, ఒక్కొక్కచోట ఒత్తు క్రింద ఒత్తు. ఆంగ్లపు ఎత్తునకు గీసిన పెట్టెలో పోసినచో ఒత్తుల అడుగులు తెగిపోవును, లేదా క్రింది పంక్తి గుడులతో ఢీకొనును. తెలుగు అక్షరములకు 1991లోనే యూనికోడ్ ప్రమాణమున స్థానము దొరకినది. యంత్రము మన లిపిని ఎరుగదని ఇప్పుడు ఎవరును చెప్పలేరు. పెట్టెను గీసిననాడు అందులో ఒక్క తెలుగుమాటనైన వ్రాసి చూడకుండుటయే దోషము. ఒత్తు తెగిన పేరును తెరపై చూచుకొని, ఇది నా పేరేనా అని పెద్దలు కండ్లద్దములు సవరించుకొనుట మేము చూచితిమి. తప్పు వారి కండ్లది కాదు. ఈ పని చేయుచున్న తెలుగు యువకులు హైదరాబాదులోను, బెంగుళూరులోను, విదేశములలోను నేడు చాలమంది ఉన్నారు. మీటపై ‘పంపించండి’ అని వ్రాసి చూచుటకు వారికి ఎవరి అనుమతియు అక్కరలేదు, పెన్సిలు చాలును.

చివరకు మా చెవుల సంగతి. తీగచట్రము కన్నులకు మాత్రమే గీసినది. చూపులేనివారికి తెరను చదివి వినిపించు సాధనములు ఉన్నవి. వారు పుటను ఒక్క చూపులో చూడరు, మొదటినుండి వరుసగా విందురు. అందరికి అందునట్లు పుటలను నిర్మించుటకు వెబ్ ప్రమాణముల సంఘమువారు 1999 మేలో మొదటి నియమావళిని ప్రకటించిరి. అయినను పటముపై అందముగా అమరిన పెట్టెలు చెవికి ఏ వరుసలో వినబడునో ఆలోచింపని రూపకర్తలు నేటికిని కలరు. పేరు అడుగుటకు ముందే ‘పంపించండి’ అని వినబడినచో విన్నవాడు ఏమి చేయును? రేడియోవారికి ఈ కష్టము పుట్టుకతో తెలిసినది. శ్రోతకు మేము ఏ పుటను చూపలేము. ఏది ముందు, ఏది వెనుక అనునదియే మా చేతిలోనున్న గీత.

కొందరు రూపకర్తలు ఇప్పుడు పెట్టెల ప్రక్కన చిన్న అంకెలు వేయుచున్నారు: ఒకటి, రెండు, మూడు, చెవికి ఈ వరుసలో వినబడవలెనని. ఒకరు కన్నులు మూసికొని కూర్చుండగా వేరొకరు ఆ అంకెల వరుసను బిగ్గరగా చదివి వినిపింతురు. అట్టి కాగితము ఒకటి మా చేతికి వచ్చినది. కరెంటు బిల్లు కట్టుటకు గీసిన పుట. పెన్సిలుతో వేసిన అంకెలు పదునొకండు. అందు నాలుగవదియు ఏడవదియు చెరిపి, చోట్లు మార్చి, మరల వ్రాసియున్నవి.